అరసున్న పాఠం

రాత్రి ఏడున్నరకి పర్లాకిమిడిలో కరెంటు ఉంటే
తెర మీద పదకొండు నల్లచదరాలు తెరుచుకుంటాయి.
పేర్లు పదకొండు. ముఖం మాత్రం ఒక్కటే:
గుణుపురం మందుల షాపు కౌంటరు వెనక టంకధర పాఢి,
"ఒక్క నిమిషం మేడమ్" అంటూ
మధ్యలో ఎవరికో జ్వరం బిళ్ళలు కత్తిరించి ఇస్తూ.

నా గొంతు వినిపిస్తోందా?
ఈ నాలుగేళ్ళలో నేను ఎక్కువసార్లు అన్న మాట ఇది.
అందుకే ఫ్రెంచిలో మొదట దీన్నే నేర్పాను:
వూ మాఁతాఁదే?

అక్కడే చిక్కొచ్చి పడింది.
"మాంతాందే" అంటాడు టంకధర, నిండుసున్నతో, నోట్లో లడ్డూ ఉన్నట్టు.
"మాతాదే" అంటాడు కాశీనగరం దాలినాయుడు,
రైసుమిల్లు కాటా దగ్గర్నుంచి, ఏ సున్నా లేకుండా.
రెంటికీ మధ్యనుంది నాయనా, అన్నాను.
మా తాత పద్దుపుస్తకంలో వాఁడు, ఏఁడు, మూఁడు అని
మెతుకంత సగంసున్న ఒకటుండేది,
అక్కర్లేదని ఎప్పుడో పారేశాం.
పరాయివాళ్ళ మాట పలకడానికి
ఇప్పుడు ఇల్లంతా వెతుకుతున్నాను దానికోసం.

చెప్పాక నాలిక్కరుచుకున్నాను.
వీళ్ళకి తెలుగు నోటికొచ్చు, చేతికి రాదు.
ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా.
ఫ్రెంచి దీనికి తిరగేసిన సంగతి: చేతికొచ్చింది నోటికి రానివ్వదు,
మిరపకాయ బజ్జీ తిన్నవాడు తొడిమ వదిలేసినట్టు
చివరక్షరాల్ని ప్లేటులోనే వదిలేస్తుంది.

"అర్థమైందా?" అన్నాను, ఎవర్నని కాదు.
"హఁ మేడమ్."
సెరంగో ఆస్పత్రి డాబా మీద, నీళ్ళట్యాంకు పక్కన
సిగ్నల్ కోసం నిలబడ్డ నర్సు, సుబాసిని గమాంగ్.
ఇంట్లో సవర, వార్డులో ఒడియా, సంతలో తెలుగు. ఇది నాలుగోది.
ఆగు. మళ్ళీ అను.
"హఁ?"
ఎప్పట్నుంచి అంటున్నావిది?
"పుట్టినప్పట్నుంచీ మేడమ్."
"ఓస్, చంద్రబిందువా! ముందే చెప్పొచ్చు కదా," టంకధర నెత్తి కొట్టుకున్నాడు.
మాకు మ్యూజియం సరుకు,
వాళ్ళకి రోజూ అవుననడానికి వాడే చిల్లర.

ఆపైన పదకొండు మైకులూ తెరిచి
వూ మాఁతాఁదే, హఁ, వూ మాఁతాఁదే, హఁ,
నెట్టు నిదానం కాబట్టి ఒకరి తోక మీద ఒకరు,
దాలినాయుడి వెనకాల వాళ్ళమ్మ గొంతు:
"ఏట్రా, పెయ్య తప్పిపోయినట్టు ఆ కేకలేటి?"

యూనివర్సిటీ పంపిన పుస్తకంలో మెట్రో స్టేషను, బేకరీ, ఆరో అంతస్తు.
ఇంటి గురించి ఎనిమిది వాక్యాలు రాయమంది.
దాలినాయుడి కాగితం ఫోటోలో సగం చీకటి, అంచున తవుడు మరక.
మా మేజోఁ నా పా ద నుమెరో.
తప్పులేదు. వాళ్ళ వీధిలో ఏ ఇంటికీ నెంబరు లేదు.
తెలుగులో చెప్పు, అన్నాను.
"మా ఇంటికి నెంబరు లేదు."
నా ఇంటికి, అని దిద్దాను.
అక్కడ 'మా' అంటే నాది. ఒక్కడిదే.
కాసేపు మిల్లు మోత తప్ప ఏమీ వినపడలేదు.
"ఒక్కడిదైతే అది ఇల్లెలగవుద్ది మేడమ్?"

అర మార్కు కొయ్యాలి. కోశాను.
పోర్టల్ ఎర్రబడింది: అరలు కుదరవు, నిండు అంకె వెయ్యండి.
తొమ్మిదా, పదా?
కర్సరు కొట్టుకుంటోంది.

క్లాసు ఎప్పుడో అయిపోయింది.
ఒక్క చదరం మాత్రం మిగిలిపోయింది, మైకు మూయడం మర్చిపోయి.
డాబా మీద గాలి, కింద ఎవరో పసిబిడ్డ ఏడుపు,
ఎదురుగా ఉన్న కొండని కాబోలు సుబాసిని మెల్లగా అడుగుతోంది:
వూ మాఁతాఁదే?
మళ్ళీ. ఈసారి కొంచెం బాగా.

నేను మ్యూటు తియ్యలేదు.